మలుపూ, మోకాలూ

చురుకుదనం మంచిదని ఎవరూ వాదించనక్కర్లేదు. మందకొడితనాన్ని మెచ్చుకునే మనిషి ఎక్కడా కనిపించడు. శరీరానికి చురుకుదనం కావాలి, సంస్థకు కావాలి, ఉద్యమానికీ కావాలి. ఇంతవరకూ పేచీ లేదు. కాని ఎవరూ కాదనని మాటల్నే మనం ఒకటికి రెండుసార్లు పరీక్షించవలసి ఉంటుంది. అందరూ ఒప్పుకునే మాట చాటున కొందరి ప్రయోజనం సులువుగా దాక్కుంటుంది. ఫలానా సంస్థ చురుకుగా మలుపు తిరిగిందంటారు. తిప్పింది ఎవరు? తిరిగింది ఎవరు? ఆ తిరగటంలో దెబ్బ తిన్నది ఎవరు? ఈ ప్రశ్నలు కొన్నేళ్ళుగా నన్ను వదలటం లేదు. వీటిని నాకు నేర్పినవి రెండు: ఒకటి నా మోకాలు, రెండవది నేను చేసిన ఒక తప్పు.

మోకాలి సంగతి మొదట చెబుతాను. కాలేజీ రోజుల్లో నేను కబడ్డీ ఆడేవాణ్ణి. కూతకు వెళ్ళటంలో నాకు కొంచెం పేరుండేది. ఒక సాయంత్రం అవతలి జట్టులో ఎడమ మూలనున్నవాడు కదలడనుకుని కాలు నేలకానించాను. వాడు కదిలాడు. ఆనించిన కాలు అలాగే ఉండగా ఒళ్ళంతా రెండో వైపు తిప్పాను. మోకాల్లో పుటుక్కుమంది. నన్నెవరూ పట్టుకోలేదు, తొయ్యలేదు, కనీసం ముట్టుకోలేదు. నా దేహమే నా మోకాలిని విరిచింది. మోకాలి లిగమెంటు తెగే సందర్భాల్లో చాలాభాగం ఇలాగే ఎదుటివాడి తాకిడి లేకుండా జరుగుతాయని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

చురుకుదనాన్ని చాలామంది వేగంతో కలిపేస్తారు. ఇది పొరపాటు. నూరు మీటర్లు తిన్నగా పరుగెత్తటానికి వేగం చాలు. నేల మీద గుర్తులు పెట్టి, వాటి చుట్టూ ముందే తెలిసిన దారిలో మలుపులు తిరిగేవాడిది కూడా పూర్తి చురుకుదనం కాదని క్రీడాశాస్త్రజ్ఞులు అంటున్నారు. షెపర్డ్, యంగ్ అనే ఇద్దరు 2006లో దీన్ని నిర్వచిస్తూ, బయటినుంచి వచ్చిన సంకేతానికి స్పందించి ఒళ్ళంతటి వేగాన్నో దిశనో తటాలున మార్చుకోవటమే చురుకుదనం అన్నారు. అనగా ఇందులో చూడటం ఉంది, నిర్ణయించటం ఉంది, ఆ తర్వాతనే తిరగటం ఉంది. తిరగటానికి ముందు ఆగటం కూడా ఉంది. మలుపుకు ముందటి అడుగులోనే శరీరం తన జోరును చాలావరకు తగ్గించుకుంటుంది. ఆగటం చేతకానివాడికి తిరగటం చేతకాదు.

ఇంకొక విషయం మరీ ముఖ్యం. 2001లో ఆస్ట్రేలియాలో బీసియర్, అతని సహచరులు ఒక ప్రయోగం చేశారు. కొందరిని పరుగెత్తించి మలుపు తిరగమన్నారు. ఒకసారి ఎటు తిరగాలో ముందే చెప్పారు. ఇంకొకసారి పరుగు మధ్యలో, అప్పటికప్పుడు సంకేతమిచ్చారు. ముందు తెలియని మలుపులో మోకాలిని పక్కకు వంచే బలాలూ, మెలిపెట్టే బలాలూ బాగా పెరిగాయి. కాలు అదే, నేల అదే, మలుపు అదే. తేడా అల్లా ముందుగా తెలియటం, తెలియకపోవటం. తెలివిడి లేని మలుపు భారం కీలు మీద పడుతుంది.

సంస్థల విషయానికి వద్దాం. అదే 2001లో, ఫిబ్రవరి నెలలో, అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే చోట పదిహేడుగురు సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ఒక చిన్న ప్రకటన రాశారు. తమ పద్ధతికి ‘ఎజైల్’ అని పేరు పెట్టుకున్నారు. మన మాటల్లో చెప్పాలంటే చురుకైనది అని. ముందు రాసుకున్న పథకాన్ని పట్టుకు వేళ్ళాడటంకన్నా మార్పుకు స్పందించటం మేలని వాళ్ళు అన్నారు. పనిచేసేవాళ్ళు తమ పనిని తామే నిర్వహించుకోవాలన్నారు. ఎంతకాలమైనా నిలకడగా సాగించగల వేగమే సరైన వేగమన్నారు. ఇందులో తప్పు పట్టవలసింది నాకేమీ కనిపించదు. పనిచేసే చేతికే చూసే కన్ను కూడా ఉండాలని వాళ్ళ ఉద్దేశం.

కాని ఆస్తి సంబంధాలు మారకుండా పని పద్ధతులు మాత్రం మారితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. హైదరాబాదులో ఈ ఉద్యోగాలు చేస్తున్న నా పూర్వవిద్యార్థులు చెప్పేదాన్నిబట్టి ఆ ప్రకటనలో మిగిలింది పొద్దున్నే నిలబడి నిన్న చేసిన పని అప్పజెప్పటం, రెండేసి వారాల గడువులు. ఆ గడువుకు పేరు ‘స్ప్రింట్’. పరుగుపందెం తెలిసిన ఎవరైనా చెబుతారు, స్ప్రింటు తర్వాత విశ్రాంతి ఉంటుందని. వీళ్ళకు ఒక స్ప్రింటు తర్వాత ఇంకొక స్ప్రింటు. నిలకడ వేగం సంగతి అడిగేవాడు లేడు. తమ పనిని తామే నిర్వహించుకోవటమనేది, ఎట్లా చెయ్యాలో తేల్చుకోవటం దగ్గరే ఆగిపోయింది. ఏం చెయ్యాలో, ఎందరు ఉండాలో, ఎవరు పోవాలో పైన తేలుతుంది.

2022 నవంబరులో మెటా సంస్థ 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ యజమాని అయిన ఆల్ఫాబెట్ సుమారు 12,000 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించాయి. అంతకుముందు రాబడి అలాగే పెరుగుతుందనుకుని విపరీతంగా ఉద్యోగుల్ని చేర్చుకున్న సంస్థలివి. ఆ నిర్ణయాలకు బాధ్యత తమదేనని రెండు సంస్థల అధిపతులూ రాశారు. రాసినవాళ్ళు తమ పదవుల్లోనే ఉన్నారు. ఉద్యోగం పోయినవాళ్ళలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకు ఇంకొక ఉద్యోగం వెతుక్కోవటానికి అమెరికా చట్టం ఇచ్చేది 60 రోజులు. అది దాటితే పిల్లల చదువు మధ్యలో ఉన్నా సామాను సర్దుకోవలసిందే. అటువంటి ఇళ్ళు మన తెలుగువాళ్ళలో కొల్లలుగా ఉన్నాయి. కన్ను పొరబడింది, మోకాలు విరిగింది. నా విషయంలో రెండూ నావే గనక నేనెవరినీ అనలేకపోయాను. ఇక్కడ కన్ను ఒకరిది, మోకాలు మరొకరిది. పొరబడిన కన్నుకు నొప్పి తెలియదు గనక మళ్ళీ పొరబడటానికి జంకదు.

దీనికొక అభ్యంతరం వస్తుంది. ప్రతి మలుపుకూ ముందు అందర్నీ సంప్రదిస్తూ కూర్చుంటే మలుపు దాటిపోదా? ప్రజాస్వామ్యం నిదానం, చురుకుదనం తొందర. రెంటికీ పొత్తు ఎట్లా కుదురుతుంది? ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. దీనికి జవాబు నాకు మళ్ళీ కబడ్డీ బరిలోనే దొరికింది. ఆ ఆటలో కూతకు వచ్చినవాడి చురుకుదనం చూసి జనం చప్పట్లు కొడతారు. అది ఒంటరి చురుకుదనం. అవతల అతన్ని కాచుకుని ఉన్నవాళ్ళు ఏడుగురు. వాళ్ళలో ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని గొలుసుగా కదులుతారు. కూతకు ఉన్న వ్యవధి 30 సెకండ్లు. చర్చలకు తీరిక లేదు. అయినా గొలుసు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, ఒక్కసారిగా వెనక్కు తగ్గుతుంది. చెయ్యి నొక్కితే చాలు, పక్కవాడికి తెలుస్తుంది. చెప్పకుండా ఒకడు దూకితే రెండోవాడి భుజం లాగుకుపోతుంది, వచ్చినవాడు ఆ సందులోనుంచి గీత దాటిపోతాడు. ఈ గొలుసు చురుకుదనం ఆ 30 సెకండ్లలో పుట్టింది కాదు. నెలల తరబడి కలిసి ఆడి, పోట్లాడి, ఎవరి తప్పు ఎవరు చెప్పినా విని సంపాదించుకున్నది. చర్చ ముందు జరిగింది గనకనే ఆటలో సైగ చాలింది.

మన చరిత్రలోకి ఒకసారి చూడండి. 1921 మార్చిలో రష్యా పార్టీ పదవ మహాసభలో నూతన ఆర్థిక విధానానికి దారి తీసిన నిర్ణయం జరిగింది. రైతుల మిగులు ధాన్యాన్ని బలవంతాన తీసుకోవటం మాని, ధాన్యరూపంలో పన్ను పెట్టారు. అది చిన్న మలుపు కాదు. లెనిన్ దాన్ని విజయమని బుకాయించలేదు. వెనకంజ అని బాహాటంగానే చెప్పాడు. ఎందుకు తగ్గుతున్నామో, ఎక్కడికి చేరటానికి తగ్గుతున్నామో వివరించాడు. ఇది మెచ్చదగ్గది. అదే మహాసభ పార్టీలో ముఠాల్ని నిషేధించిందన్నది కూడా మనం మరిచిపోరాదు. తిరిగే శక్తిని చూపిన సభే, ఇకముందు తిరగవలసి వచ్చినప్పుడు హెచ్చరించే గొంతుల్ని నొక్కే సాధనాన్నీ తయారుచేసి పెట్టింది.

1939లో అటువంటి వివరణ కూడా లేకపోయింది. సెప్టెంబరులో యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి హారీ పాలిట్, ఫాసిజాన్ని ఓడించాలంటూ యుద్ధాన్ని సమర్థించి కరపత్రం రాశాడు. కొద్ది వారాల్లో మాస్కోనుంచి వేరే మార్గం వచ్చింది. అక్టోబరుకల్లా పాలిట్ పదవి పోయింది. 1941లో హిట్లరు సోవియట్ దేశం మీద పడ్డాక తిరిగి ఆ పదవిలోకి వచ్చాడు. పేరున్నవాడు గనక పాలిట్ సంగతి మనకు తెలిసింది. నిన్నటిదాకా ఒకటి చెప్పి, తెల్లారి దానికి విరుద్ధమైనది చెప్పవలసి వచ్చి, పేటలో తలెత్తుకోలేకపోయిన సామాన్య కార్యకర్తల పేర్లు ఎక్కడా లేవు. ఆ మలుపుల తప్పొప్పుల మీద చర్చ నేటికీ సాగుతూనే ఉంది. నేను చెప్పేది వేరు: సరైన మలుపైనా సరే, చెప్పకుండా తిప్పితే కీలు దెబ్బ తింటుంది.

ఇక నా తప్పు. నేను ఒక అధ్యాపక సంఘం స్థానికశాఖకు కార్యదర్శిగా ఉన్న రోజుల్లో ఒక ప్రైవేటు కాలేజీలో నెలల తరబడి జీతాలివ్వలేదు. సమ్మె ప్రకటించాం. ముందురోజు రాత్రి యాజమాన్యం కబురు పెట్టింది. పర్మనెంటు వాళ్ళకు సగం బకాయి వారంలో ఇస్తామన్నారు. మేం నలుగురం కూర్చుని సమ్మె ఆపాం. అప్పటికి రాత్రి పదకొండయింది. పార్టుటైము వాళ్ళకు పొద్దున్న చెబుదామనుకున్నాం. తెల్లవారి ఏడు గంటలకే పార్టుటైము అధ్యాపకులు ఇద్దరు జెండా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. మేం వెళ్ళేసరికి వాళ్ళ పేర్లు రాసుకోవటం కూడా అయిపోయింది. నెలాఖరుకు ఇద్దర్నీ రావద్దన్నారు. మేం నిరసన ఉత్తరాలు రాశాం.

తర్వాతి సమావేశంలో, పరిస్థితిని బట్టి ఎత్తుగడ మార్చుకోవటం ఉద్యమానికి అవసరమని నేను ఉపన్యసించాను. ఆ ఇద్దరిలో ఒకాయన లేచి, “ముందే అడిగితే మేమూ ఒప్పుకునేవాళ్ళమేమో మాస్టారూ” అని కూర్చున్నాడు. అతను తిట్టినా బాగుండేది. వ్యవధి లేకపోయిందన్నాను. అది అబద్ధం. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. ఆ ఒప్పందంలో వాళ్ళకు దక్కేది ఏమీ లేదు గనక, అడిగితే కాదంటారని భయపడ్డాం. మేం చురుకుదనం అని పిలిచింది ఆ భయాన్నే. అవకాశవాదం సాధారణంగా ఇలాగే, మంచి పేరు పెట్టుకుని వస్తుంది.

కనక చురుకుదనాన్ని గూర్చి నా అభిప్రాయం ఇది. మలుపు భారం ఎవరి మీద పడుతుందో వాళ్ళకది ముందుగా తెలియాలి. దిశ మారినా గమ్యం మారలేదని వాళ్ళకు నమ్మకం కుదరాలి. నొప్పి పుట్టినప్పుడు ఆగమని చెప్పే హక్కు వాళ్ళకుండాలి. ఇవి లేనప్పుడు జరిగేది ఒకరి తొందరకు మరొకరు మూల్యం చెల్లించటం. అది కంపెనీలో జరిగినా, సంఘంలో జరిగినా ఒకటే.

ఆ తర్వాత మా శాఖ కార్యవర్గంలో పార్టుటైము వాళ్ళకు రెండు స్థానాలిచ్చాం. నిర్ణయాలు ఆలస్యమవుతున్నాయని కొందరు సణిగారు. మొదట్లో ఆలస్యమైన మాట నిజమే. రెండేళ్ళకు ఇంకొక సమ్మె వచ్చింది. దాన్ని మధ్యలో ఆపవలసి కూడా వచ్చింది. పొద్దున్న కూర్చున్నాం, గంటలో తేల్చాం, మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసింది. గేటు దగ్గర ఒంటరిగా ఎవరూ మిగల్లేదు.