తలుపు తీస్తే తెలిసే తేడా

"కొత్త ప్లేస్టేషన్ కొన్నావు సరే, పాతదానికీ దీనికీ బొమ్మలో తేడా ఏదీ?" అని మా మేనకోడలిని అడిగాను. ఆటలకు త్రీడీ బొమ్మలు చేయడమే ఆమె ఉద్యోగం.

"లెక్కలు కావాలా, కంటికి కనబడేది కావాలా మామయ్యా?"

"ముందు లెక్కలే చెప్పు."

"1994లో మొదటి ప్లేస్టేషన్ జపాన్‌లో వచ్చినప్పుడు మెయిన్ మెమరీ 2 ఎంబీ. 2000లో రెండోదానికి 32. 2006లో మూడోదానికి రెండు వాటాలూ కలిపి 512. 2013లో నాలుగోదానికి 8 జీబీ. ప్రతిసారీ పదహారు రెట్లు. 2020లో ఐదోదానికి 16 జీబీ. రెండింతలే."

"మరింకేం, నా మాటే నిజమైంది."

"ఆగు. గ్రాఫిక్స్ వేగం 1.84 టెరాఫ్లాప్స్ నుంచి 10.28కి పోయింది. అయిదున్నర రెట్లు. అయినా నీకు కనబడలేదు."

"వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే చెప్పాడు కదమ్మా, ఉన్నదానిలో ఎన్నో వంతు పెరిగిందన్నదే మనకు తెలుస్తుందని. వెయ్యి దీపాల గుడిలో ఇంకో దీపం వెలిగిస్తే ఎవడు చూడొచ్చాడు?"

"అయిదున్నర రెట్లంటే ఒక్క దీపం కాదుగా! అసలు సంగతేంటంటే, ఫుల్ హెచ్‌డీ కన్నా 4కె తెరలో పిక్సెళ్లు నాలుగింతలు. ఆ తెర నింపడానికే నాలుగింతల పని. ఇక మిగిలేదెంత? నువ్వేమో పది అడుగుల దూరాన సోఫాలో కూర్చుంటావు. ఆ పిక్సెళ్లు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

ఇది నాకు నచ్చింది. కానీ నా మనసు పాత ఆటల మీదే ఉంది.

"1996లో టూంబ్ రైడర్ ఆడుతుంటే లారా క్రాఫ్ట్‌కు జడ ఉండేది కాదు, వెనక ముడి ఉండేదంతే. మరుసటేడు రెండో భాగంలో ఊగే జడ వచ్చింది. ఎంత సంబరమో! ఇప్పుడు వెంట్రుక వెంట్రుకా ఊగుతున్నా పట్టించుకునే నాథుడు లేడు."

"లేనిది వచ్చింది కాబట్టి సంబరం. సూపర్ మారియో 64లో మారియో తెర లోపలికి పరుగెత్తాడు. అలాంటిది ఒక్కసారే జరుగుతుంది."

"అయితే ఇక మిగిలింది నగిషీ పనే."

"వెలుతురు సంగతి చూడు. చాలా ఆటల్లో గదిలోని వెలుతురును ముందే లెక్కగట్టి గోడల మీద అచ్చువేస్తారు. బేకింగ్ అంటాం. ఫొటో తీస్తే బ్రహ్మాండం. కానీ తలుపు తీస్తే బయటి ఎండ లోపలికి రాదు, గోడ పగిలినా దాని నీడ అక్కడే ఉంటుంది. అందుకే గోడను పగలనివ్వం. రే ట్రేసింగ్‌లో వెలుతురును ఎప్పటికప్పుడు లెక్కిస్తాం. రెండు గదుల ఫొటోలూ పక్కపక్కన పెడితే నువ్వు తేడా పట్టలేవు. తలుపు తీస్తేనే తెలుస్తుంది."

నిజమే. పత్రికలు, వీడియోలు అన్నీ బొమ్మ పక్కన బొమ్మ పెట్టే తీర్పులు చెబుతాయి. కదిలితేనే కనబడే గుణానికి ఆ కోర్టులో న్యాయం జరగదు. అయినా ఒక అనుమానం మిగిలింది.

"ద లాస్ట్ ఆఫ్ అస్ అనే ఆట 2013లో మూడో ప్లేస్టేషన్‌కి, అంటే పీఎస్3కి వచ్చింది. 2014లో పీఎస్4కి మెరుగుపెట్టారు. 2022లో పీఎస్5కి మళ్లీ చేశారు. మూడింటిలోనూ దాదాపు అవే గదులు. అప్పుడు తెరుచుకోని తలుపులు ఇప్పుడూ తెరుచుకోవు. చేతికొచ్చిన వెసులుబాటును మళ్లీ ఫొటోకే ఖర్చుపెడితే ఎలా?"

"కొనేవాళ్లు ముందు చూసేది ట్రైలర్ మామయ్యా. అందులో ఏ తలుపు ఎప్పుడు తీయాలో మా చేతిలోనే ఉంటుంది. దానికి అచ్చేసిన వెలుతురైనా సరిపోతుంది."