పై రాయి మీది ఫంజియా

డల్లాస్‌లో ఒక తెలుగాయన ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉండేది. రాళ్ల మీద రంగురంగుల పగడాలు. ఒకరోజు షాపు నుంచి ఫంజియా అనే పగడాన్ని తెచ్చాడు. చాలా పగడాలు వందలు, వేల జీవులు కలిసి కట్టుకున్న ఉమ్మడి కాపురాలు. ఇది అలా కాదు. అరచేయంత గుండ్రటి బిళ్ల మొత్తానికీ ఒకటే జీవి, నడుమ సన్నటి చీలికలా ఒకటే నోరు. పసితనంలో రాయిని కరుచుకుని కాడ మీద పెరుగుతుంది. ఈడొచ్చాక కాడ తెంచుకుని ఇసుకలోకి దిగుతుంది. రాతితో రుణం అంతటితో సరి.

"ఇసుకలోనే పెట్టండి" అన్నాడు షాపువాడు. ఆయనకు మనసొప్పలేదు. అంత డబ్బు పోసి కొన్నది నేలన పడి ఉండటమా? లైటుకు దగ్గరగా, అన్నిటికన్నా పై రాయి మీద కూర్చోబెట్టాడు.

రాత్రి అది నీళ్లు పట్టి పూరీలా పొంగింది. అలా పొంగుతూ, అణుగుతూ మెల్లగా జరగడం దాని నైజం. తెల్లారేసరికి కింద బోర్లా పడి ఉంది. మళ్లీ ఎక్కించాడు, మళ్లీ పడింది. ఈసారి జిగురు పెట్టి అంటించాడు. పొంగినప్పుడల్లా ఒళ్లు రాతి మొనకు ఒరుసుకుని, అంచున కండ చిరిగి, లోపలి తెల్లటి పలకలు బయటపడ్డాయి.

ఆ రోజుల్లోనే ఊరి నుంచి వాళ్లమ్మ వచ్చింది. అమెరికా రాత్రుళ్లు ఆమెకు నిద్రపట్టదు, అక్వేరియం ముందే కూర్చునేది.

"ఒరేయ్, అది దిగాలని చూస్తోందిరా. దింపెయ్."

"కింద ఇసుక కప్పేస్తుందమ్మా."

"కప్పితే దాని తంటాలు అది పడుతుందిలే."

దింపాడు. అనుకున్నట్టే అక్వేరియంలో ఉన్న గోబీ చేప ఇసుక తవ్వి దాని మీదే పోసింది. ఆయన చెయ్యి పెట్టబోతే అమ్మ పట్టుకుని ఆపింది. ఫంజియా నెమ్మదిగా ఉబ్బింది. ఒంటి నిండా జిగట ఊరింది. ఇసుక రేణువులు ఒక్కొక్కటే అంచుదాకా జారి రాలిపోయాయి.

చచ్చిన భాగం మాత్రం తిరిగి బతకలేదు. కొన్ని నెలల తర్వాత ఆ తెల్లటి పలకల మీదే గోరంత పిల్ల బిళ్లలు మొలిచాయి. అన్నిసార్లూ ఇలా జరగదు, ఆయన అదృష్టం.

నీతి: ఒకరిని పైకెత్తే ముందు వాళ్లు ఎక్కడ బతకగలరో చూడాలి. తమంతట తాము చేసుకోగలిగింది మనం చేసిపెడితే అది సాయం కాదు.

ఇది చదివి ఫంజియా మీద మనసుపడ్డ మన దేశపు పాఠకులకు ఒక మాట. ఇక్కడ రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం. మన ఫంజియా చోటు మన సముద్రపు ఇసుకే.