పింకీకి క్షమ ఉందా?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బ్రైటన్ అనే ఊళ్ళో ఒక మిఠాయి అమ్ముతారు. పైన గులాబీరంగు పూత, లోపల తెల్లటి గట్టి చక్కెర కడ్డీ. అడ్డంగా విరిస్తే ఊరి పేరు అక్షరాలు కనిపిస్తాయి. ఎంత కొరుక్కుంటూ పోయినా చివరి ముక్క దాకా ఆ పేరు చెరగదు. 1938లో గ్రాహం గ్రీన్ తన నేర నవలకు ఈ మిఠాయి పేరే పెట్టాడు: ‘బ్రైటన్ రాక్’. మనిషి స్వభావం కూడా ఆ కడ్డీ లాంటిదేనని, ఎక్కడ కొరికినా ఒకటే రాత ఉంటుందని నవలలో ఐడా అనే ఆవిడ తేల్చేస్తుంది. ఆవిడ మాటే నిజమైతే పాపికి పశ్చాత్తాపమెందుకు, దేవుడికి దయ ఎందుకు?

కథానాయకుడు పింకీకి పదిహేడేళ్ళు. చిన్న రౌడీ ముఠాకు నాయకుడు. మందు ముట్టడు. ఆడవాళ్ళంటే ఏవగింపు. జేబులో యాసిడ్ సీసా పెట్టుకు తిరుగుతాడు. ఒక హత్య చేసి, అది బయటపడకుండా సొంత మనిషినే మేడమెట్ల మీంచి తోసి చంపుతాడు. హోటల్లో వడ్డించే రోజ్ అనే పదహారేళ్ళ పిల్లకు మొదటి హత్య గుట్టు విప్పగల చిన్న సంగతి ఒకటి తెలుసు. భార్య చేత భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించలేరని ఆ పిల్లను పెళ్ళాడతాడు.

మన సినిమాల్లో హీరో కత్తి పట్టాలంటే అంతకుముందే చెల్లెలికి ఏదో ఘోరం జరిగి తీరాలి. ప్రేక్షకుడి జాలిని ముందుగా పోగుచేసి పెట్టుకుంటారు. గ్రీన్ ఆ వెసులుబాటు ఇవ్వడు. పింకీ పెరిగిన పేదరికాన్ని, ఇరుకు ఇళ్ళను చూపిస్తాడు గాని వాడి మీద ముద్దు పుట్టనివ్వడు. అంతకంటే గడుసుతనం మరొకటుంది. హంతకుణ్ణి వెంటాడే ఐడాను కూడా మనకు పూర్తిగా నచ్చనివ్వడు. ఆవిడకు తప్పొప్పులు తెలుసు, పాపపుణ్యాల జోలి లేదు. పింకీకి, రోజ్‌కి తెలిసింది పాపపుణ్యాలే. ఇద్దరూ కేథలిక్కులు. పింకీకి నరకం ఉందన్న నమ్మకం గట్టిది. స్వర్గం మాట వచ్చేసరికి ఉంటే ఉండొచ్చు అంటాడు. గ్రీన్ కూడా 1926లో కేథలిక్ మతం పుచ్చుకున్నవాడే.

గుర్రం మీంచి పడుతున్నవాడు నేల తాకే లోపు వేడుకున్నా క్షమ దొరుకుతుందని అక్కడో పాత నానుడి ఉంది. అది పింకీ మనసులో మెదులుతూనే ఉంటుంది. తీరా వాడి సమయం వచ్చేసరికి సొంత సీసాలోని యాసిడ్ మొహాన చిమ్మి, అరుస్తూ కొండ అంచు మీంచి పడిపోతాడు. ఆ మధ్యలో వేడుకున్నాడా? గ్రీన్ చెప్పడు. తర్వాత రోజ్ ఓ ముసలి ఫాదర్ దగ్గర మోకరిల్లి, తనకు క్షమ వద్దని, అతనెక్కడుంటే అక్కడికే పోతానని అంటుంది. దేవుడి దయ మన లెక్కలకు అందేది కాదని ఫాదర్ ఓదారుస్తాడు. అతను నిన్ను ప్రేమించి ఉంటే అతనిలోనూ కొంత మంచి ఉన్నట్టేనంటాడు.

రోజ్ దగ్గర ఒక గ్రామఫోన్ రికార్డు ఉంది. పెళ్ళినాడు పింకీ గొంతుతో చేయించుకున్నది. ఇంకా వినలేదు. అందులో ఉన్నది ప్రేమ కాదు, అసహ్యం. అది వినడానికే ఆమె ఆశగా ఇంటికి నడుస్తుండగా నవల ఆగిపోతుంది.

1947లో సినిమా తీసినప్పుడు ఈ ముగింపు నిలవలేదు. తెర మీద రికార్డు ఒకచోట ఇరుక్కుని ప్రేమ మాటే మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. స్క్రీన్‌ప్లేలో గ్రీన్ పేరు కూడా ఉంది. పట్రీషియా హైస్మిత్ 1955లో సృష్టించిన టామ్ రిప్లీకి దీనికి తిరగేసిన అనుభవం ఎదురైంది. స్నేహితుణ్ణి చంపి, అతని పేరూ డబ్బూ వాడుకుని పుస్తకంలో రిప్లీ హాయిగా తప్పించుకుంటాడు. 1960లో ఫ్రెంచివాళ్ళు అలెన్ డెలాన్‌తో సినిమా తీసి, చివర్లో శవాన్ని బయటికి లాగి పోలీసులను రప్పించారు. ఒకచోట ఓదార్పు అతికించారు, ఇంకోచోట శిక్ష. ఖాతా తేలకుండా ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపడానికి సినిమావాళ్ళకు ధైర్యం చాలలేదనిపిస్తుంది.

ఖాతా తేలని కథ తెలుగువాడికి కొత్తేమీ కాదు. పదహారో శతాబ్దంలోనే తెనాలి రామకృష్ణుడు ‘పాండురంగ మాహాత్మ్యం’లో నిగమశర్మ కథ చెప్పాడు. మంచి ఇంట పుట్టి, ఆస్తి తగలేసి, బుద్ధి చెప్పడానికి అత్తవారింటి నుంచి వచ్చిన అక్క నగలు సైతం మూటగట్టుకుని రాత్రికి రాత్రే ఉడాయించిన ఘనుడు. దారిలో దొంగలు దోచుకుంటే, ఆదరించి ఇంట పెట్టుకున్న రైతు ఇంటి ఆడమనిషినే లేవదీసుకుపోయాడు. చివరికి ఒక నృసింహ క్షేత్రంలో ప్రాణం విడిచాడు. యమదూతలు వచ్చారు, విష్ణుదూతలూ వచ్చారు. వాదం నడిచింది. విష్ణుదూతలే గెలిచారు. వాడి యోగ్యత చూసి కాదు, చచ్చిన చోటు మహిమ వల్ల.

భక్తుడు ఇక్కడ చేతులు జోడిస్తాడు. కథ చదివేవాడి మనసు మాత్రం ఇంకా వెనకే, ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. పొద్దున లేచి చూస్తే సొమ్ములు లేవు. తల్లీతండ్రీ ఎవరు పోగొట్టుకున్న వస్తువును వాళ్ళు తలుచుకుని గొల్లుమంటుంటే, అక్క కొత్తగా చేయించుకున్న ముక్కర కోసం ఏడుస్తుంది. తమ్ముడికి తలంటి, కొసరి వడ్డించి, నచ్చజెప్పిన చెయ్యి ఆమెది. వాడికి వైకుంఠం దక్కినా ఆమెకు ముక్కర తిరిగి రాలేదు. కవి ఆమెకు పేరు కూడా పెట్టలేదు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఈ కథ మీద వ్యాసం రాస్తూ మోక్షం పొందినవాణ్ణి పక్కనపెట్టి ఆమెను ముందుకు తెచ్చారు. ఆ వ్యాసం పేరు ‘నిగమశర్మ అక్క’.