రాణి దానము, ప్రభువు బల్ల

చదువవలసిన భాగములు: ఎస్తేరు 4వ అధ్యాయము, లూకా 14వ అధ్యాయము



ఎస్తేరు రాణి అంతఃపురములో ఉండగా, కోట గుమ్మము వెలుపల ఆమె స్వజనులు గోనెపట్ట కట్టుకొని ఏడ్చుచుండిరి. ఆ ఏడ్పు విననట్లు ఆమె ఊరకుండవచ్చును. కాని ఊరకుండలేదు. ప్రాణమునకు తెగించి రాజునొద్దకు వెళ్లెను. పెద్దరికము దేవుడిచ్చునది ప్రజల నిమిత్తమే.

మన తెలుగు దేశములోను ప్రజల క్షేమము తలచిన రాణి యొకతె ఉండెను. ఆమె కాకతీయ రుద్రమదేవి. ఆమె శివభక్తురాలు, మన విశ్వాసమునకు చెందినది కాదు. అయినను మంచి ఎక్కడ ఉన్నను దానిని ధ్యానించుట మనకు తగును.

హనుమాన్ జంక్షన్ నుండి విజయవాడ చేరి, కృష్ణ దాటి తుళ్లూరు వైపు పోయినయెడల మల్కాపురమను గ్రామము వచ్చును. అచ్చటి రాతిస్తంభముమీద 1261వ సంవత్సరపు శాసనము చెక్కబడియున్నది. గణపతిదేవ మహారాజు తన గురువైన విశ్వేశ్వర శివాచార్యునికి మందడము గ్రామమును ఇత్తునని మాట ఇచ్చెను. తండ్రి నోట పలికిన ఆ మాటను కుమార్తె రుద్రమ నెరవేర్చి, వెలగపూడిని కూడ చేర్చి దానమిచ్చెను. ఆ ఆదాయము మూడు పాళ్లు చేయబడెను. ఒకటి దేవాలయమునకు, ఒకటి మఠములో చదువుకొను శిష్యులకు, మూడవది ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, బ్రాహ్మణ సత్రమునకును. ఏడువందల యేండ్లకు పూర్వము, పురిటి నొప్పులు పడు తల్లి కొరకు భూమి ఆదాయములో పాలు తీసిపెట్టిరి!

మరియొక మాట ఆ రాతిమీద ఉన్నది. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెను. ఆ కడపటి మాటతో ఊరి వెలుపల నిలువబెట్టబడిన వారి సంతతి మనలో అనేకులు. మన పితరుల ఆకలి కూడ ఆ శాసనములో లెక్కకు వచ్చినది.

రుద్రమ 1289లో మరణించెను. తరువాత కొద్ది యేండ్లకు మార్కోపోలో అను వెనిసు యాత్రికుడు, మోటుపల్లి దేశమును ఏలిన రాణి న్యాయమును సమాధానమును ప్రేమించినదని వ్రాసెను. ఆమె రుద్రమయే యని చరిత్రకారులు తలంచుదురు.

అయితే ఒక సంగతి ఆలోచించుడి. అన్నము పెట్టుట వేరు, పంక్తిలో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట వేరు. వాకిట నిలువబెట్టి కూడ అన్నము పెట్టవచ్చును. లూకా సువార్తలో మన ప్రభువు చెప్పిన విందులో బీదలు, కుంటివారు, గ్రుడ్డివారు లోపలికి పిలువబడిరి. ఇల్లు నిండువరకు దాసుడు వీధులకు పోయెను. వాకిట పెట్టి పంపుడని యజమానుడు చెప్పలేదు.

మరి మన సంగతి యేమి? ఒకే ఊరిలో ఈ పల్లెకు ఒక ఆలయము, ఆ పల్లెకు ఒక ఆలయము. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టె విరిచినవారమే, ఆ పల్లెవారి పెండ్లి భోజనమునకు పిలిచిన వెనుకాడుదుము. వియ్యమనగానే ముఖము త్రిప్పుకొందుము. మనలను ఊరివారు దూరముగా ఉంచిరని బాధపడు మనము, మనకంటె క్రిందివారని యెంచినవారిని దూరముగా ఉంచవచ్చునా? క్రీస్తును ఎరుగని రాణి దానముతో కడపటివానికి అన్నము దొరికెను. క్రీస్తు రక్తముచేత కొనబడిన మనము వానికి చాప పరువలేమా?

సహోదరీలారా, ఇంటింట తీసిపెట్టు పిడికెడు బియ్యములో ఒక పాలు నెలలు నిండిన పేద తల్లికి చేర్చుడి. ఆమె ఏ పల్లెదో అడుగకుడి. సహోదరులారా, ఈ కోతపండుగ విందులో మీ ప్రక్క చోటు అవతలి పల్లెవానికి ఇయ్యుడి. వాని ఇంటికి వెళ్లి, వాడు పెట్టినది తినుడి.

తన బల్లయొద్ద మనకు చోటిచ్చిన ప్రభువు, ఇతరులకు చోటిచ్చు మనస్సు మనకు దయచేయునుగాక. ఆమేన్.