ప్రమాదము - దైవము

పనిచేయుచోట ఒకని చేయి నలిగినను, ప్రాణము పోయినను మనము ‘ప్రమాదము జరిగినది’ అందుము. సంస్కృతమున ఈ మాటకు ఏమరుపాటు అని అర్థము. ప్రమాదము తమోగుణమునుండి పుట్టునని భగవద్గీత పదునాలుగవ అధ్యాయము బోధించుచున్నది. కారణమునకున్న పేరును మనము తెలుగున ఫలమునకు పెట్టుకొంటిమి. అంతటితో ఆగక, ఆ ఫలమును ‘విధివ్రాత’ యని దైవమునకు అంటగట్టుచున్నాము. ఇది భక్తియేనా?

గీతయందే పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కర్మమునకును ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, దైవము. దైవము ఐదవది. అధిష్ఠానమనగా శరీరమనియు, దైవమనగా అంతర్యామియైన పరమాత్మ యనియు శ్రీరామానుజులవారు తమ గీతాభాష్యమున వివరించిరి. అట్లయిన కూలివాని శరీరము ఆ స్వామికి నెలవు. ఆ నెలవును కాపాడక, నష్టము కలిగిన పిమ్మట స్వామినే కారణముగా చూపుట ఏమి న్యాయము? మొదటి నాలుగింటి లెక్క తేల్చకయే ఐదవదానిని పేర్కొనుట తప్పించుకొనుటయే.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నమున వెంకటాపురము చెంతనున్న రసాయన కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న జనావాసములను కమ్మెను. 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రులలో చేరిరి. కరోనా లాక్‌డౌన్ దినములలో ఉత్పత్తి ఆగియుండగా, ట్యాంకులో నిలువయున్న స్టైరీను వేడెక్కి గట్టిపడజొచ్చెను. ఆ చర్య మరింత వేడిని పుట్టించెను. ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము విచారింపగా, వేడిని కొలుచు సాధనము ట్యాంకు అడుగుననే కలదనియు, పైపొరల వేడిని తెలిసికొను ఏర్పాటు లేదనియు తేలినది. సైరను ఉండియు మ్రోగలేదు. ఇందు దైవము చేసినదేమి?

సాధనము కొన్నంత సులభముగా అలవాటు రాదు. తిరుగు యంత్రభాగములకు కంచె ఉండవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టమే విధించెను. పని మందగించునని ఆ కంచెను ఊడదీసి మూలబెట్టి, ఆయుధపూజనాడు అదే యంత్రమునకు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టు తావులున్నవి. (పూజను ఆక్షేపించుట నా ఉద్దేశము కాదు, కంచెను మరల బిగించుటకు అంతకంటె మంచి దినము ఏది?) చేయి తెగుటకు ముందు చొక్కా అంచు ఎన్నిమారులో ఆ చక్రమున చిక్కియుండును. ఆ సంగతి చెప్పినవానికి ‘ఇన్నాళ్లు ఏమీ కాలేదు గదా’ యని మేస్త్రీ బదులు చెప్పును. మరునాటినుండి వాడు చెప్పడు. ఉక్కగా ఉన్నదని హెల్మెట్ తీసి ప్రక్కన పెట్టువాని తప్పు లేకపోలేదు. కాని కూలి పోవునను భయముతో నోరు మూసికొన్నవానికంటె, గడువు పెట్టి తొందరపెట్టినవానినే కర్త యనుట సబబని నా తలంపు.

ఆ కర్తృత్వము కర్మాగారముల యజమానులకే పరిమితము కాదు. మన పెరటి సెప్టిక్ ట్యాంకును చూడుడు. అందు చేరు విషవాయువు క్షణములలో మనిషిని పడగొట్టును. వానిని పైకి తీయ దిగిన రెండవవాడును మరల రాడు. రక్షణసామగ్రి లేక మనిషిని అందు దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. యంత్రముగల బండిని పిలిపించి, అది వచ్చువరకు మూతకడకు ఎవరిని రానీయకుండుట గృహస్థుని పని. తక్కువ కూలికి దిగెదనని ఎవడైన ముందుకు వచ్చినను దింపరాదు.