పైపొర

గోకినకొలదియు మరల పుట్టుచుండెడి పొరను గోకనేల యన్న సందేహ మొకటి గత వేసవినుండి నన్ను వెన్నాడుచున్నది. విషయము చూడబోయిన అల్పము. మిన్నెసోటాలో మా ఇంటికి చేరువనున్న సరస్సులో పొరుగింటి వృద్ధుడు చిరకాలము చేపలు పట్టుకొని, మోకాళ్లు సహకరింపక విడిచిపెట్టిన 14 అడుగుల అల్యూమినియము పడవ యొకటి నా పాలబడినది. రివెట్ల వెంట నీరు కారుచుండెను. ఎవరో ఎన్నడో వేసిన ఆకుపచ్చరంగు పొక్కులెత్తి, పెచ్చులూడి, చూచుటకు గజ్జిపట్టిన పశువువలె నుండెను. కారుచోట్లు మూసి, పాతరంగు గీకి, ప్రైమరు పూసి, క్రొత్తరంగు వేయవలెనని సంకల్పించితిని. సంకల్పమునకును పనికిని నడుమ ఈ సందేహము వచ్చి కూర్చున్నది.

కారుట విషయమున మాత్రము నాకెట్టి శంకయు కలుగలేదు. పడవను బండిపై నిలిపి, అడుగున దిమ్మెల ఊత పెట్టి, లోపల కొంచెము నీరు పోసి, వెలుపల ఎచ్చట బొట్టు దిగునో అచ్చట గుర్తు పెట్టుట. ఆ గుర్తు పెన్సిలుతో పెట్టకుండుట, ఏలయన అందలి గ్రాఫైటు తడి తగిలినప్పుడు అల్యూమినియమును తినివేయును. వదులైన రివెట్టునకు లోపల ఒకరు ఇనుపదిమ్మెను అదిమిపట్టగా వెలుపల మరియొకరు సుత్తితో కొట్టి బిగించుట. పిదప అతుకుల వెంబడి పలుచని ఎపాక్సీని పారించుట. ఇందు వేదాంతమునకు తావు లేదు. నీరు లోనికి వచ్చు పడవ పడవ కాదు. దిమ్మె పట్టుకొని కూర్చున్న నా భార్యయు ఈ మాటనే మరింత సూటిగా అన్నది. చిక్కంతయు రంగు దగ్గర వచ్చినది.

అల్యూమినియమును ఎంత తళతళలాడునట్లు గీకినను, గీకిన చేయి తీయులోపలనే అది గాలిలోని ఆక్సిజనుతో కూడి తనపై నొక పొర కప్పుకొనును. ఆ పొర మందము తలవెండ్రుక మందములో పదివేలవ వంతైనను ఉండదు; అయినను లోహము 660 డిగ్రీల వేడికే కరగిపోవుచుండగా, 2,000 డిగ్రీలు దాటినగాని కరగని దార్ఢ్యము దానిది. ఇనుప తుప్పు ఇనుమును విడిచి రాలిపోవును. ఈ తుప్పు తాను పుట్టిన లోహమును అంటిపెట్టుకొని కాపాడును. కావున గాలి సోకెడి చోట నగ్నమైన అల్యూమినియమును కన్నులార చూచినవాడు లోకమున లేడు. మన వంటయిండ్లలో సత్తుగిన్నెలని తోముకొన్నవియు, ఆకాశమున విమానములని తల యెత్తి చూచినవియు ఆ పొర చాటుననే మనకు దర్శనమిచ్చినవి.

పొరలు ఒలుచుకొనుచు పోయినచో సత్యము దొరకునని మనవారు బాల్యమునుండియు మన చెవులలో పోసిరి. కోశములను దాటుము, చిరిగిన వస్త్రమును విడువుము, పైమెరుగులను నమ్మకుము అని విని విని నా చెవులు కాయలు కాచినవి. ఈ ఒలిచెడి వేదాంతమును నేడు నేను నమ్మజాలకున్నాను. లోపలిది నిర్మలమనియు వెలుపలిది కల్మషమనియు ఎవరు నిర్ణయించిరి? ఈ లోహమున లోపలిదే మిక్కిలి చపలమైనది. ఆక్సిజనుపై దానికి గల వ్యామోహము ఎంతటిదనగా, మట్టిలో దానితో పెనవేసికొనియున్న అల్యూమినియమును విడదీయుట దుస్సాధ్యమై, 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అనువారు ఒకరినొకరు ఎరుగకయే విద్యుత్తుతో విడదీయు మార్గము కనుగొనువరకు అది అపురూప లోహముగనే ఉండెను. అట్టి చపలత్వమును నిలువరించి పాత్రగను, పడవగను నిలిపినది పైపొరయే. ఒలుచుట పూర్తియైనచో ఏమగునో కూడ చూపవచ్చును. గీకినచోట పాదరసపు బొట్టొకటి పడినచో పొర మరల అతుకుకొనజాలదు. అప్పుడు లోహము నిజముగనే నిరావరణమగును, అయి, తెల్లని పొడిగా పొంగి రాలిపోవును. విమానములలో పాదరసమును స్వేచ్ఛగా కొనిపోనీయకుండుటకు ముఖ్యకారణ మిదియే. ఆవరణము తొలగిన సత్యమునకు ఇక్కడ కలిగిన గతి అది.

ఇంతవరకు వచ్చి నేను విజయము సాధించినట్లే భావించితిని. కాని పైపొరను ఇంతగా కొనియాడినవాడు దానిపై రంగు వేయుటకు చేయవలసిన పని ఏమి? మొట్టమొదట ఆ పొరనే గోకివేయవలెను. గోకుటకు ముందుగా జిడ్డు తీయవలెను. లేనిచో ఉప్పుకాగితము ఆ జిడ్డును గీతలలోనికి ఎక్కించును. మామూలు ఇనుపతీగల బ్రష్షు వాడరాదు, అందలి ఇనుపరేణువులు లోహములో గ్రుచ్చుకొని కీడు చేయును; స్టెయిన్‌లెస్ స్టీలుది కావలెను. కడిగినప్పుడు నీరు బొట్లుబొట్లుగా విరుగక ఒక్క తెరగా పరచుకొన్ననే శుభ్రమైనట్లు. అటుపై ఫాస్ఫారికామ్లము కలిసిన ప్రైమరును ఆలస్యము చేయక పూయవలెను. అది లోహమును ఇంచుక కొరికి పట్టుకొనును. సత్తుగిన్నెలో చింతపండుపులుసు కాచరాదని మా అమ్మ ఏల కసరెడిదో ఆ డబ్బాపై వ్రాత చదివినప్పుడు నాకు బోధపడినది. అమ్మ వారించిన కొరుకుడునే నేను డబ్బిచ్చి కొనితెచ్చితిని.

మరి ఇది అవసరమా? మంచినీటిలో అవసరము లేదు. న్యూయార్కు రాష్ట్రమున యుద్ధవిమానములు చేయుచుండిన గ్రమ్మన్ సంస్థలో అధికారియైన విలియం హాఫ్‌మన్ 1944లో అడిరాండాక్ కొండలలో గుడ్డ తొడిగిన బరువైన కొయ్యపడవను మోసి మోసి విసిగి, విమానపు రేకుతోనే పడవ చేయరాదా యని తలచెనట. యుద్ధానంతరము ఆ తలపునుండి పుట్టిన పడవలు పెక్కు రంగు లేకయే సరస్సులలో దిగినవి. వాటిలో కొన్ని నేటికిని తిరుగుచున్నవి. నా పడవలోనైతే గుంటలు పడినచోట్లన్నియు కప్పబడిన చోట్లే. పొక్కిన రంగుక్రింద, తడిసిన తివాచీక్రింద, రాగి లవణములు పట్టించిన ప్లైవుడ్ పలకను ఆనించినచోట లోహము తినిపోయియున్నది. గాలి తగులుచున్నంతకాలము గాయమును తానే మాన్పుకొనునది, మనము కప్పి తడిని బంధించినచో మాన్పుకొనలేదు. రంగు గీత పడినచో గీత పడినట్లే యుండును. దానికి మరల ఎవడో ఒకడు బ్రష్షు పట్టవలెను. అట్లయిన రంగుడబ్బాను మూసిపెట్టుటయే న్యాయము గదా! మూసియే పెట్టితిని. కొన్నివారములు పడవ అట్లే పడియున్నది.

అప్పుడు కోనసీమ జ్ఞప్తికి వచ్చినది. మా తాతగారికి ధాన్యము మోసెడి కొయ్యపడవ యుండెడిది. వేసవిలో మరమ్మతులకై గోదావరి కాలువలు కట్టివేయుదురు. ఆ దినములలో కాలువలన్నియు బురద తేలి, పడవలన్నియు గట్టుల కెక్కెడివి. మా పడవను కొబ్బరిదుంగలపై ఒరగబెట్టి, చెక్కల సందులలోని పాతనారను పెరికి, క్రొత్తనార కూరి, గుగ్గిలము కాచి పట్టించి, ఆపై తారు పూసెడివారు. తారు కాగు వాసనయు, ఎండిన కాలువ నడుగున నడచుటయను అపూర్వసౌఖ్యమును నాకు వేసవిసెలవులకు పర్యాయములుగ నుండెడివి. ఒక యేడు తాతగారికి తొందర కలిగినది. కాలువలు వదలకముందే తారు పూయుమని ఆజ్ఞాపించిరి. పడవవాడు అరచేయి చెక్కకానించి, చాలసేపు అట్లే యుంచి, "ఇంకా ఆరలేదండి అయ్యగారూ. ఇప్పుడు పూసేత్తే తడి లోపలే ఉండిపోద్దండి, ఆయ్" అని, తాతగారి కోపమును లక్ష్యపెట్టక, పోయి మామిడిచెట్టు నీడను పండుకొన్నాడు. ఆరినదని తనకు తోచిననాడే లేచి పూసినాడు. పూసినపిదప పడవ ముక్కునకు పసుపు రాచి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టినాడు. ఆ పసుపు మొదటి ప్రయాణముననే నీటిపాలైనది. తారు చెక్కను కాచినది. పసుపు దేనిని కాచినది? ఆనాడు ఎవరును అడుగలేదు, నేనును అడుగలేదు.

కప్పుటలో రక్షణమును, వంచనయు తప్ప వేరొకటి లేదని నేను ఇంతకాలము తలచి వాదించుచుంటిని. పసుపు ఆ రెండింటిలో దేనికిని చెందదు. అది కాపాడదు, దాచదు. ఒక చేయి ఆ పడవను తాకినదని మాత్రము తెలుపును. రంగును అట్టిదే యనుకొందమా యని కొంత ఊరట చెందబోయితిని. కాని ఈ సమాధానమును కుదురుకొనలేదు. పసుపు రాయుటకు పడవవాడు చెక్కను చెక్కలేదు. రంగు వేయుటకు నేను లోహపు చర్మమును ఒలువవలెను. ప్రేమ పేర చర్మమొలుచుటను పసుపుకుంకుమలతో పోల్చుట అన్యాయము.

తుదకు నన్ను కదిలించినది తత్త్వము కాదు, ఆ పెచ్చులే. ఒకసారి రంగు పూసిన పడవకు వట్టి పడవకున్న స్వేచ్ఛ లేదు. సగము ఊడిన రంగు అంచులక్రింద నీరు నిలిచి గుంట చేయుచుండును. పూర్తిగా తీసివేయుటో, పూర్తిగా పూయుటో తప్పదు. తీసివేయుటకు క్షారము పోయరాదు, లోహమే కరగును, చేతితో గోకవలెను. మొదట రంగు వేసిన ఆ అజ్ఞాతుడు తన తరువాతివారి నందరిని ఋణస్థులను చేసిపోయినాడు. నేను లోపలివైపు అంతయు ఓపికగా గోకి, రంగు వేయక విడిచితిని. గుంటలు లోతుగా పడిన వెలుపలి వైపున మాత్రము ప్రైమరు, రంగు పూసితిని. వట్టి రేకు ఎండలో కన్నులు మిరుమిట్లు గొలుపుననునది దానికి రెండవ కారణము, నిజము చెప్పవలెనన్న మొదటి కారణముకూడ అదియే కావచ్చును. వెలుపల పూసి లోపల విడుచుటలో సిద్ధాంతవైరుధ్యము కలదని ఎవరైన అన్నచో కలదని ఒప్పుకొందును.

ఇట్టి పడవ మీ యింట నున్నచో ముందు రివెట్లు చూచుకొనుడు. రాగి కలిసిన రంగును దాని దరిదాపులకు రానీయకుడు. తివాచీ పరచియున్నచో నేడే తీసివేయుడు. ఇంతవరకు ఎవరును రంగు వేయని పడవయైనచో మీరును వేయకుడు.