బిడ్డ చేతిలోని పుస్తకము

శిశువు మొదట చెవితో చదువుకొనును. కంటితో చదువుట ఆ తరువాతి మాట. ప్రహ్లాదుడు తల్లి గర్భమున ఉండగనే నారదుని ఉపదేశమును వినెనని భాగవతము చెప్పుచున్నది. ఆ బాలుడే నవవిధ భక్తులను పేర్కొనునపుడు శ్రవణమునకు మొదటి స్థానము నిచ్చినాడు. వినికిడికి అంతటి బలమున్నదని ఎరిగిన మనకు, మన బిడ్డలు ఏమి వినుచున్నారో, ఏమి చదువుచున్నారో అను చింత కలుగుట సహజమే. అయితే ఆ చింత ఏ రూపము దాల్చవలెను? నచ్చని పుస్తకమును బిడ్డ చేతినుండి లాగివేయవచ్చునా? లేక, ఏదో ఒకటి చదువుచున్నాడు గదా అని ఊరకుండవచ్చునా? నేడు అనేక గృహములలో ఎదురగుచున్న ధర్మసందేహమిది.

ఇంగ్లీషు మీడియములో చదువుకొను మన పిల్లలకును, అమెరికాలో పెరుగుచున్న తెలుగు బిడ్డలకును ఆరేడేండ్లు రాగానే ఒక విధమైన కథల పుస్తకములు చేతికి వచ్చుచున్నవి. చిన్న చిన్న అధ్యాయములు, అక్కడక్కడ బొమ్మలు, ఒకే పాత్రలతో ఒకదాని వెనుక ఒకటిగా పదుల సంఖ్యలో వెలువడు పుస్తకమాలలు అవి. వీనిలో రెండింటిని ఉదాహరణగా తీసికొందము. రెండును 1992లో అమెరికాలో ఆరంభమైనవే. మేరీ పోప్ ఆస్బర్న్ రచించిన ‘మ్యాజిక్ ట్రీ హౌస్’ మొదటిది. జాక్, ఆనీ అను అన్నాచెల్లెండ్రు చెట్టుపైనున్న ఒక చిన్న ఇంటిలో పుస్తకములోని బొమ్మను చూచి అచ్చటికి పోవలెనని కోరినంతనే ఆ కాలమునకు, ఆ దేశమునకు చేరుదురు. జాక్ తాను చూచినదెల్ల నోటుబుక్కులో వ్రాసికొనుచుండును. బార్బరా పార్క్ రచించిన ‘జూనీ బి. జోన్స్’ రెండవది. అప్పుడే బడిలో చేరిన ఒక పసిపిల్ల తన కథను తానే, తప్పులతడక భాషలో చెప్పుకొనును. నోటికి వచ్చిన మాట అనును. మొదటి పుస్తకములో ఆ పిల్ల స్కూలు బస్సుకు భయపడి, ఇంటికి పోక బడిలోనే దాగికొనును.

ఈ రెండింటిని తూచు తల్లిదండ్రులలో ఏకాభిప్రాయము లేదు. మొదటిదానివలన చరిత్ర, భూగోళము తెలియునని కొందరు మెచ్చుకొందురు. కథలన్నియు ఒకే అచ్చులో పోసినట్లున్నవని మరికొందరు పెదవి విరుతురు. రెండవదానిని చదివి పిల్లలు కడుపుబ్బ నవ్వుదురు. అయితే ఆ భాష, ఆ పెడసరము తమ బిడ్డకు అంటుకొనునేమోనని పెద్దలు జంకుదురు. 2000 నుండి 2009 వరకు గ్రంథాలయములలోను, పాఠశాలలలోను అధికముగా ఆక్షేపణలకు గురియైన నూరు పుస్తకముల జాబితాను అమెరికన్ గ్రంథాలయ సంఘము ప్రకటించినది. అందు ‘హ్యారీ పాటర్’ మాలకు మొదటి స్థానము దక్కగా, ఈ ‘జూనీ బి. జోన్స్’ మాలకును చోటు లభించినది.

ఈ భయము నేటిది కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఎడ్వర్డ్ స్ట్రాటమేయర్ అను ప్రచురణ వ్యాపారి కథాసంగ్రహములను తయారుచేసి, కూలికి రచయితలను పెట్టి వ్రాయించి, కల్పిత నామములతో బాలుర పుస్తకమాలలను వెలువరించుచుండెను. 1914లో అమెరికా బాయ్ స్కౌట్స్ సంస్థ ప్రధాన గ్రంథపాలకుడు ఫ్రాంక్లిన్ మాథ్యూస్ ఇట్టి చౌకబారు పుస్తకములు బాలుర మెదళ్ళను పేల్చివేయుచున్నవని ఘాటైన వ్యాసము వ్రాసెను. ఆ స్ట్రాటమేయర్ సంస్థనుండియే 1930లో ‘నాన్సీ డ్రూ’ అను బాలిక కథలు వెలువడినవి. కాలాంతరమున అమెరికా సుప్రీం కోర్టు న్యాయమూర్తులైన సాండ్రా డే ఓకానర్, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, సోనియా సోటోమేయర్ ముగ్గురును బాల్యమున ఆ కథలను ఇష్టముతో చదివితిమని చెప్పుకొన్నారు. ఆ కథలే వారిని న్యాయమూర్తులను చేసినవని దీని భావము కాదు. పెద్దల భయము ఒక్కటే పుస్తకమునకు కొలబద్ద కాజాలదని మాత్రమే దీనివలన తెలియుచున్నది.

కథలన్నియు ఒకే తీరున ఉండుట దోషమా? ‘చందమామ’ పత్రిక 1947 జూలైలో ఆరంభమైనది. అది వెలువడుచుండిన కాలమున బేతాళ కథలను చదివిన పిల్లలకు ప్రతి కథయు ఎట్లు మొదలగునో, ఎట్లు ముగియునో ముందే తెలియును. విక్రమార్కుడు శవమును భుజమున వేసికొనును. మౌనము భంగము కాగానే బేతాళుడు మరల చెట్టెక్కును. తెలిసినదని ఎవ్వరును విసుగుకొనలేదు. తెలిసిన వాకిలి గుండా పోవునపుడు బెదురు ఉండదు. క్రొత్తగా చదువ నేర్చిన బిడ్డకు పాత్రలు, కథ నడక ముందే పరిచితమైనచో, ఆ శ్రద్ధ అంతయు క్రొత్త మాటలపై నిలుచును. ఒక పుస్తకమును ఆసాంతము తానే చదివితినను ధైర్యము మొదటిసారిగా కలుగును. ఆ ధైర్యము చిన్నది కాదు.

పాత్రల దుడుకుతనము పిల్లలకు అంటునా? చిన్నయసూరి నీతిచంద్రికను 1853 నుండి మనవారు పిల్లలచే చదివించుచున్నారు. అందలి మిత్రభేదములో దమనకుడు అను నక్క కొండెములు చెప్పి సింహమునకు, ఎద్దునకు గల స్నేహమును చెరచి ఎద్దును చంపించును. ఆ కపటికి శిక్ష పడలేదు. అయినను ఆ కథ చదివిన పిల్లలు కొండెగాండ్రు కాలేదు. ఏలయన, చదివించు పెద్దలు ప్రక్కనుండి, “చూచితివా, చెప్పుడు మాటలు వినిన రాజు ఏమి కోల్పోయెనో” అని అడుగుచుండిరి. కథ పుస్తకములో సగమే ఉన్నది. మిగిలిన సగము ప్రక్కన కూర్చున్నవారి మాటలో ఉన్నది.

ఇచ్చట హిరణ్యకశిపుని స్మరింపవలసియున్నది. బిడ్డ చదువుపై అతనికున్నంత పట్టుదల మరియే తండ్రికి ఉండును? చండామార్కులను గురువులుగా నియమించి, ఏది చెప్పవలెనో ఏది చెప్పరాదో కట్టడి చేసినాడు. అంతేకాదు, కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, నీవు నేర్చినదేమి అని ప్రేమతో అడిగినాడు. అడుగుట తండ్రికి ధర్మమే. కొడుకు చెప్పిన సమాధానము తన మనస్సునకు సరిపడకపోగా దానిని విని సహింపలేకపోవుట అతని లోపము. ప్రహ్లాదుడు పలికినది పరమసత్యము. మన బిడ్డ చదువునది హాస్యకథ. ఈ రెండింటికి సామ్యము లేదు. కాని అడిగి వినకపోవుట అను దోషము మాత్రము ఏ గృహములోనైనను దోషమే. వినని తండ్రికి బిడ్డ రెండవసారి చెప్పడు. పుస్తకము దిండు క్రిందికి చేరును. పుస్తకముతోపాటు బిడ్డ మనస్సును దాగికొనును.

అట్లని పుస్తకములన్నియు సమానములే అని చెప్పరాదు. వివేచన అవసరమే. అయితే ఆ వివేచనకు ముందు తల్లియో తండ్రియో ఒక అధ్యాయమునైనను బిడ్డతో కలిసి చదువవలెను. ఇట్టి పుస్తకములలో అధ్యాయమునకు కొద్ది నిమిషములు చాలును. చదివి ఇట్లు యోచింపవలెను: ఈ కథలో చేసిన పనికి ఫలితము కనబడుచున్నదా? బలహీనుని చూచి నవ్వుటయే ఇందలి హాస్యమా, లేక తన తప్పునకు తానే చిక్కుకొనుట వలన పుట్టిన హాస్యమా? పుస్తకము మూసిన పిదప బిడ్డ ఏదైన ప్రశ్న అడుగుచున్నదా? పది పుస్తకములైన పిమ్మట పదునొకండవదానినే కోరుచున్నదా, మరి కొంచెము పెద్ద పుస్తకమువైపు చేయి చాచుచున్నదా?

పాత్రతను కూడ చూడవలెను. జూనీ తప్పుగా పలికినపుడు సరియైన రూపము తెలిసిన బిడ్డ నవ్వును. ఆ నవ్వులోనే వ్యాకరణము గట్టిపడును. ఇంగ్లీషు ఇంకను అలవడని బిడ్డ ఆ తప్పునే ఒప్పుగా గ్రహింపవచ్చును. అన్నకు మేలుచేసిన పుస్తకము తమ్మునికి మరి రెండేండ్లు ఆగవలసినది కావచ్చును. కావున ఇరుగుపొరుగువారు మెచ్చిరని కొనుటయు, వారు రోసిరని పారవేయుటయు రెండును తొందరపాటే. చదివిన పిమ్మట ఒక పుస్తకము తగదని తోచినచో నిస్సంకోచముగా వలదనవచ్చును. కాని ఏల వలదో బిడ్డకు అర్థమగు మాటలలో చెప్పవలెను. కారణము చెప్పి వద్దన్న తండ్రి మాటను బిడ్డ నేడు కాకున్నను రేపు తలచుకొనును.

గృహస్థులకు తీరిక తక్కువ. ఉద్యోగము, వంట, పూజ, వృద్ధుల సేవ అన్నియు ఉన్నవి. అయినను రాత్రి భోజనమైన పిదప దీపము ఆర్పుటకు ముందు కొంతసేపు బిడ్డ తాను చదివిన కథను చెప్పగా వినుట అసాధ్యము కాదు. కథ మనకు వెర్రిగా తోచవచ్చును. ఐనను తుదివరకు వినవలెను. తన మాటను ఇంటివారు విందురని నమ్మిన బిడ్డ, ముందుముందు కథలకంటె బరువైన విషయములను కూడ మొదట ఇంటివారికే చెప్పును. ఆనాడు మనము వినుటకు సిద్ధముగా ఉండవలెనన్నచో, ఆ అలవాటు నేటి చిన్న కథలతోనే మొదలు కావలెను.